నువ్వెంత, నీ బతుకెంత

(ఒంగోలులో లా విద్యార్థుల ముందు ఒక సీనియర్ క్రిమినల్ లాయర్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాశాం, మాట తీరు పెద్దగా మార్చలేదు.)

వెనక వరసల్లో వినపడుతోందా? ఆ ఫ్యాన్ ఒకటి ఆపేస్తే మంచిది, దాని గోల నాకంటే ఎక్కువగా ఉంది. (నవ్వులు) సరే.

నాకు ఇచ్చిన టాపిక్ "ఆదాయ అసమానతలు - హింసాత్మక నేరాలు". వినగానే నిద్రొచ్చే పేరు. కానీ విషయం మన చుట్టూ తిరిగేదే. ఎక్కడన్నా ఒక మర్డర్ జరిగిందనుకోండి, టీ కొట్టు దగ్గర రెండు మాటలు వినపడతాయి. "పాపం, గతి లేక చేసుంటాడు" అనేది ఒకటి, "తిన్నదరక్క చేశాడు" అనేది రెండోది. ఒక్కోసారి ఈ రెండూ ఒకే మనిషి ఒకే టీ తాగుతూ అంటాడు. మొదటి మాట దగ్గరే నాకు పేచీ. ఆకలి వల్ల జరిగిన హత్య కేసు నా చేతికి వచ్చిందంటే చెప్పండి, నేను వెతుక్కోవాలి. ఆకలేసినవాడు అప్పు చేస్తాడు, వలసపోతాడు, మరీ కుదరకపోతే దొంగతనం చేస్తాడు. కత్తి దాకా పోవాలంటే కడుపు కాలితే చాలదు, ఇంకేదో కాలాలి.

మన పాత ప్రకాశం జిల్లానే చూడండి. పేదరికమే మనుషుల్ని చంపిస్తుంది అనుకుంటే కనిగిరి, పామూరు, సీఎస్‌పురం, వెలిగండ్ల, అటు మార్కాపురం, యర్రగొండపాలెం వైపు ప్రతి ఊళ్ళో ప్రతి వారం ఒక శవం లేవాలి. ఫ్లోరైడ్ నీళ్ళకి పళ్ళు గారపట్టి, నడుములు వంగిపోయిన మనుషులున్న ఊళ్ళు అవి. వెలిగొండ ప్రాజెక్టుకి శంకుస్థాపన 1996లో చేశారు, ఆ ఏడు పుట్టిన పిల్లలకి పెళ్ళిళ్ళయి వాళ్ళకీ పిల్లలున్నారు. సంక్రాంతి దాటగానే ఇళ్ళకి తాళాలేసుకుని గుంటూరు మిరపకోతలకి, హైదరాబాద్ బేల్దారి పనులకి పోతారు. ఇంత కరువు చూసిన మనుషులు ఒకరినొకరు నరుక్కోవడం లేదు. ఎందుకంటే ఆ ఊళ్ళలో కరువు అందరికీ కరువే, పక్కింటివాడి బోరు కూడా ఎండిపోయింది.

పేదరికం వేరు, తేడా వేరు. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటం వల్ల మనకి సగం అర్థం కాదు.

తేడాని కొలవడానికి ఎకనామిక్స్ వాళ్ళు వాడేది జినీ అనే లెక్క. కొర్రాడో జినీ అని ఇటలీ ఆయన, 1912లో కట్టాడు. సున్నా అంటే అందరి ఆదాయం సమానం, ఒకటి అంటే మొత్తం ఒక్కడి దగ్గరే ఉంది, మిగతావాళ్ళకి చిల్లిగవ్వ లేదు. దక్షిణాఫ్రికాకి ప్రపంచ బ్యాంకు 2014 నాటి లెక్కలో 0.63 వచ్చింది, ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ. అక్కడ ఈ మధ్య ఏళ్ళలో లక్ష మందికి నలభైకి పైగా హత్యలు జరుగుతున్నాయి. జపాన్‌లో తేడాలు దానికంటే చాలా తక్కువ, లక్షకి ఒక్క హత్య కూడా పడదు. ఈ రెండు దేశాలు చెప్పి ఆగిపోతే అది వాదన కాదు, మనకి కావలసిన సాక్షుల్ని మాత్రమే బోనెక్కించడం. అందుకే పెద్ద లెక్కలు చూడాలి. ప్రపంచ బ్యాంకుకి పనిచేసిన ఫాన్‌జిల్బర్, లెడర్‌మన్, లోయాజా అని ముగ్గురు 39 దేశాల హత్యల లెక్కలు, 37 దేశాల దోపిడీల లెక్కలు కొన్ని దశాబ్దాలవి ముందేసుకుని 2002లో ఒక పేపర్ వేశారు. దేశం ఎంత ధనిక దేశం అన్నది, జనం ఎంత చదువుకున్నారన్నది, ఇవన్నీ పక్కకి తీసేసి చూసినా సరే, ఆదాయాల్లో తేడా ఎక్కువున్న చోట హత్యలూ దోపిడీలూ ఎక్కువే ఉన్నాయి.

దానికంటే రెండేళ్ళ ముందు, 2000లో, డబ్లిన్‌లో ఎకనామిక్స్ చెప్పే మోర్గాన్ కెల్లీ అమెరికా పట్టణ ప్రాంతాల లెక్కలు తీశాడు. ఆయన చూపించింది మీరు గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. ఆదాయాల తేడా పెరిగితే కొట్లాటలు, దాడులు, హింస పెరుగుతున్నాయి. దొంగతనాలకి మాత్రం ఆ తేడాతో పెద్ద సంబంధం కనపడలేదు, అవి పేదరికాన్ని బట్టి, పోలీసుల్ని బట్టి మారుతున్నాయి. డబ్బున్నవాణ్ణి చూసి వాడి డబ్బు లాక్కుందామనే ఆశే అసలు కారణమైతే ముందు దొంగతనాలు కదా పెరగాలి? అవి కాకుండా చేతులు లేవడం పెరుగుతోంది. అంటే ఆ చేతికి కావలసింది డబ్బు కాదు.

కెనడా సంగతి ఇంకా బాగుంటుంది. అమెరికాలో పేద రాష్ట్రాలే తేడాలు ఎక్కువున్న రాష్ట్రాలు కూడా, దాంతో ఏది కారణమో విడదీయడం కష్టం. కెనడాలో తిరగబడింది. తూర్పు తీరంలో చేపలు పట్టుకునే రాష్ట్రాలు పేదవి, కానీ అందరూ ఇంచుమించు ఒకేలా బతుకుతారు. మార్టిన్ డేలీ, మార్గో విల్సన్ అనే సైకాలజీ వాళ్ళిద్దరూ, వాళ్ళతో ఇంకొకాయన కలిసి 2001లో ఈ లెక్కే చూశారు. హత్యలు పేదరికం వెంట పోలేదు, తేడా వెంట పోయాయి. ఆ పేద రాష్ట్రాల్లో హత్యలు తక్కువ. మన వెలిగండ్ల, సీఎస్‌పురం గురించి నేను చెప్పింది ఇదే.

ఇప్పుడు లెక్కలు పక్కన పెట్టి కేసు కట్ట విప్పుదాం.

ఊరు చెప్పను, నెల్లూరు వైపు సముద్రం పక్కది అనుకోండి. ఇద్దరు కుర్రాళ్ళు, ఒకే వీధి, ఒకే కులం, ఇంటర్ దాకా ఒకే బెంచీ. ఒకడి నాన్న ఉన్న కయ్యలు రొయ్యల గుంటలు చేశాడు, పక్కవాళ్ళవీ లీజుకి తీసుకున్నాడు, రెండు పంటలు మంచి కౌంట్‌కి పడ్డాయి. మేడ లేచింది, కారు వచ్చింది. రెండోవాడి నాన్న కూడా గుంట వేశాడు, వైరస్ వచ్చి మొత్తం పోయింది, మేత కొట్టువాడి బాకీ కింద ఉన్న ఎకరన్నర అమ్ముకున్నాడు. ఆ కుర్రాడు ఇప్పుడు ఎవరి గుంట మీదో మేత చల్లి, రాత్రిళ్ళు ఏరియేటర్లు ఆగిపోకుండా కాపలా కాస్తాడు. ఊళ్ళో పెళ్ళి. భోజనాల దగ్గర ఇతను కూర్చున్నాడు. మొదటి కుర్రాడు తన స్నేహితులతో వచ్చి, "రేయ్, లెగు, మావాళ్ళు కూర్చోవాలి, నువ్వు తర్వాత బంతికి తిందువులే" అన్నాడు. ఆకు ముందు నుంచి లేపాడు. ఇతను "నేనెందుకు లెగాలి" అన్నాడు. "ఏందిరా, నువ్వెంత, నీ బతుకెంత, నాతో మాట్లాడేదేంది" అని వాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఇతను లేచిపోయాడు. అన్నం తినలేదు. ఇంటికెళ్ళాడు, మేత బస్తాలు కోసే కత్తి తీసుకున్నాడు, గంట తర్వాత పందిరి బయట పొడిచాడు. చనిపోయినవాడికి ఇరవై మూడు, పొడిచినవాడికి ఇరవై రెండు.

చార్జిషీట్‌లో కారణం ఒక్క వాక్యం, "భోజనాల వద్ద మాటామాటా పెరిగి". మీరు ఈ కేసు చదివితే ఏం అనుకుంటారు? కుర్చీ కోసం మనిషిని చంపాడు, ఎంత చిన్న విషయం అనుకుంటారు. డిఫెన్స్ లాయర్‌గా నాకు తట్టింది హత్యకి ఉన్న మినహాయింపులు. పాత శిక్షా స్మృతి ఐపీసీలో 300వ సెక్షన్‌లో ఉండేవి, 2024 జులై నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత, బీఎన్‌ఎస్, 101వ సెక్షన్‌లో ఉన్నాయి. ఒక్కసారిగా తీవ్రంగా రెచ్చగొడితే, ఆ వేడిలో చంపితే అది హత్య కిందకి రాదు, తక్కువ శిక్ష. కానీ ఇంటికెళ్ళి కత్తి తెచ్చుకున్న ఆ గంట ఉంది చూశారా, అది మనల్ని ముంచేస్తుంది. ఆవేశం చల్లారడానికి టైం దొరికింది కదా అంటుంది కోర్టు. భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన నేవీ ఆఫీసర్ నానావతి కేసులో 1961లో సుప్రీంకోర్టు చెప్పింది అదే, అక్కడ మధ్యలో మూడు గంటలు దొరికాయి. చట్టం ప్రకారం అది కరెక్టే. కానీ నా అనుభవంలో, అవమానపడ్డ మనిషికి గంట గడిస్తే వేడి తగ్గదు. నడుస్తూ నడుస్తూ ఆ నవ్వులే వినపడతాయి.

ఇది మన దగ్గరే కాదు. మార్విన్ వుల్ఫ్‌గ్యాంగ్ అని నేరాల మీద పరిశోధన చేసే ఆయన అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1948 నుంచి 52 వరకు జరిగిన 588 హత్యల ఫైళ్ళు పోలీసుల దగ్గర నుంచి తీసి చదివాడు. అన్నిటికంటే ఎక్కువ కనపడ్డ కారణం, మూడో వంతుకి పైగా, ఇలాంటి "చిన్న విషయం మీద గొడవ". తగిలి వెళ్ళాడని, తిట్టాడని. ఇందాక చెప్పిన డేలీ, విల్సన్‌లు దీన్ని పట్టుకుని ఒక మాట చెప్పారు, ఇవి చిన్న విషయాలు మనకి, వాళ్ళకి కాదు అని. వయసులో ఉన్న మగపిల్లాడికి ఆస్తి లేదు, ఉద్యోగం లేదు, పెళ్ళి కుదరలేదు, నలుగురిలో తనకున్న లెక్క ఒక్కటే మిగిలింది. దాన్ని నలుగురి ముందు తీసేస్తే ఇక పోగొట్టుకోడానికి ఏమీ లేదు. మన జాతీయ నేర రికార్డుల బ్యూరో, ఎన్‌సీఆర్‌బీ, లెక్కలు తీయండి. 2022లో దేశంలో 28,522 హత్య కేసులు. అందులో "తగాదాలు" అని రాసినవి 9,962. పాత కక్షలు 3,761. డబ్బు కోసం, లాభం కోసం చంపినవి 1,884. సినిమాల్లో మనం చూసేది ఆ చివరిదే, కోర్టులో మేం చూసేది మొదటిది.

తేడా ఎక్కడో ఉంటే గొడవ లేదు, అది కళ్ళ ముందు ఉండాలి. ముంబైలో ఎవరో వేల కోట్ల ఇల్లు కట్టుకుంటే చీమకుర్తి క్వారీలో డ్రిల్లింగ్ చేసేవాడికి ఏం పట్టింది? ఫోన్‌లో చూసి "అబ్బో" అనుకుంటాడు, అంతే. చీమకుర్తిలో దొరికే గెలాక్సీ రాయి, ఆ నల్ల రాయిలో బంగారు చుక్కలు, ప్రపంచంలో ఇంకెక్కడా అలా దొరకదు, ఓడలెక్కి చైనాకి, యూరప్‌కి పోతుంది. కర్నూలు రోడ్డు మీద పోయేవాళ్ళు ట్రైలర్ల మీద ఆ బ్లాకులు చూసే ఉంటారు. ఆ రాయి కొందరిని ఎక్కడికో తీసుకెళ్ళింది, దుమ్ము మాత్రం అందరికీ సమానంగా పంచింది. అయినా కూలివాడికి ఓనర్ మీద కోపం రాదు, ఓనర్ లోకం వేరు. ఎవరి మీద వస్తుంది? నిన్నటిదాకా తనతో పక్కపక్కన పనిచేసి ఇవాళ సబ్ కాంట్రాక్టర్ అయి "ఏం రా" అని పిలిచేవాడి మీద. అందుకే మీరు చూడండి, పొడిచినవాడు, పొడిపించుకున్నవాడు ఇద్దరూ ఇంచుమించు ఒకే వీధి వాళ్ళు. పైవాడికీ కిందవాడికీ ఉన్న దూరం తాలూకు మంట పక్కవాడి మీద పడుతుంది.

దీనికి మన ప్రాంతంలో ఇంకో రెండు కలిశాయి. ఒకటి పెళ్ళిళ్ళు. వ్యవసాయం చేసే కుర్రాడికి పిల్లనివ్వడం మానేశారు, నాలుగెకరాలున్నా సరే "హైదరాబాద్‌లో ఏం చేస్తాడు" అని అడుగుతున్నారు. ముప్పై దాటి పెళ్ళి కాని కుర్రాళ్ళు ఊరికి పది మంది అరుగుల మీద కనపడతారు, పుట్టినరోజుకి ఫ్లెక్సీలు కట్టించుకునేది ఎక్కువగా వాళ్ళే. నవ్వకండి, ఆ ఫ్లెక్సీ ఎవడో చించితే ఏమవుతుందో మీకు తెలుసు. రెండోది భూమి రేటు. పోర్టు వస్తుందనో, హైవే వస్తుందనో తెలియగానే ఎవరికీ అక్కర్లేని ఉప్పు నేల కోట్లవుతుంది. రామాయపట్నం చుట్టూ చూశారు, అంతకుముందు కృష్ణపట్నం చుట్టూ చూశారు. నాన్న బతికుండగా నోటిమాటతో పంచుకున్న గట్టు, ఇరవై ఏళ్ళు ఎవరూ పట్టించుకోని గట్టు, ఒక్కసారిగా కొలతలకి వస్తుంది. తమ్ముడి పేరు రెవెన్యూ రికార్డు అడంగల్‌లో లేదని, అన్న రిజిస్ట్రేషన్ కుదరని 22ఏ జాబితాలో ఉన్న ముక్క అంటగట్టాడని, రెవెన్యూ ఆఫీసు చుట్టూ తిరిగి, సివిల్ కోర్టులో దావా వేసి, వాయిదాల మీద వాయిదాలు పడి, చివరికి ఒకరోజు పొలం దగ్గర గొడ్డలి. సివిల్ కేసు తేలని చోట క్రిమినల్ కేసు పుడుతుంది అని మా సీనియర్ అనేవారు. అది ఏ పరిశోధన కంటే తక్కువ కాదు.

ఇప్పటిదాకా నేను చెప్పిందంతా కిందవాళ్ళు, సమానులు చేసే హింస గురించి. ఇక్కడితో ఆపితే తప్పుడు బొమ్మ ఇచ్చినట్టు. అసమానతలో హింస పైనుంచి కిందికి కూడా వస్తుంది. కారంచేడు ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి పోయింది కానీ 1985 జులై 17న మన ప్రకాశం జిల్లానే. దళితులు తాగే చెరువు నీళ్ళు పాడు చేస్తుంటే ఒక దళిత మహిళ వద్దని అడ్డం చెప్పింది, తన మీదకి వస్తే చేతిలో బిందె ఎత్తింది. అంతే. తెల్లారి ఊరి మీద పడి ఆరుగురిని చంపారు, ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. బతికినవాళ్ళు చీరాల పారిపోయారు. ఆ చంపినవాళ్ళకి తిండి లేదా? పొగాకు, పత్తి డబ్బు బాగా ఆడుతున్న రోజులు, కారంచేడు డబ్బున్న ఊరు. వాళ్ళకి తగ్గినట్టు అనిపించింది ఏమిటంటే, ఇన్నాళ్ళు తల దించుకున్న మనిషి తల ఎత్తింది. నా దృష్టిలో ఇది కూడా "నువ్వెంత, నీ బతుకెంత" కేసే, కాకపోతే ఆ మాట అన్నవాళ్ళ చేతిలోనే కత్తులున్నాయి. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, దాని వెనక ఇలాంటివి ఉన్నాయి. ఈ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేసరికి 2008. ఇరవై మూడేళ్ళు.

అందుకే "పేదలు నేరస్తులు" అనే మాట వినపడితే నాకు ఒళ్ళు మండుతుంది. అది మనకి తెల్లవాళ్ళు నేర్పిన పాఠం. 1871 నుంచి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం అని పెట్టి కులాలకి కులాల్నే నేరస్తులుగా రాశారు. మన కావలి దగ్గర ఎరుకలవాళ్ళ కోసం సెటిల్‌మెంట్ పెట్టి మిషనరీలకి అప్పజెప్పారు, హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. 1952లో ఆ చట్టం పోయింది. ఊళ్ళో గొలుసు పోతే ఇప్పటికీ మొదట ఎవరింటికి జీపు వెళ్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక నా వాదనకి ఎదురు సాక్ష్యం నేనే చెప్తాను, లేకపోతే మీరు రేపు ఇంటర్నెట్‌లో చూసి "సార్ మోసం చేశాడు" అంటారు. అమెరికాలో 1991 తర్వాత హత్యలు బాగా తగ్గాయి, అదే కాలంలో ఆదాయాల తేడా పెరుగుతూ పోయింది. చైనాలో ఎనభైల తర్వాత తేడాలు విపరీతంగా పెరిగినా హత్యలు తక్కువే. కాబట్టి తేడా ఒక్కటే మీట కాదు. పోలీసు, తుపాకులు, మత్తు, జనాభాలో కుర్రాళ్ళ వాటా, ఇవన్నీ ఉన్నాయి. మన దేశం మీద జీన్ ద్రేజ్, రీతికా ఖేరా అనే ఎకనామిక్స్ వాళ్ళిద్దరూ కలిసి 2000లో జిల్లాల వారీగా హత్యల లెక్క చూశారు. పేదరికంతో హత్యలకి చెప్పుకోదగ్గ సంబంధం కనపడలేదు. చదువు ఎక్కువున్న చోట హత్యలు తక్కువ. అన్నిటికంటే గట్టిగా కనపడింది ఏంటో తెలుసా? మగవాళ్ళతో పోలిస్తే ఆడవాళ్ళ సంఖ్య తక్కువున్న జిల్లాల్లో హత్యలు ఎక్కువ. ఆడపిల్ల విలువ లేని చోట మనిషి ప్రాణానికీ విలువ లేదని నేను అర్థం చేసుకున్నాను, వాళ్ళు అంత సూటిగా అనలేదు.

ఆడవాళ్ళ ప్రస్తావన వచ్చింది కాబట్టి దూబగుంట సంగతి చెప్పాలి. నెల్లూరు జిల్లా కలిగిరి మండలం. మీరెవరూ అప్పటికి పుట్టలేదు. అక్షరాస్యత ఉద్యమం రాత్రి బడుల్లో చదువు నేర్చుకున్న ఆడవాళ్ళు, రోశమ్మ లాంటివాళ్ళు ముందు నిలబడి, ఊళ్ళోకి సారా రాకుండా అడ్డుకున్నారు. అది జిల్లా అంతా పాకి, రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. దాన్ని మనం మద్యం ఉద్యమం అనే చెప్పుకుంటాం. నేను దాన్ని హింస మీద ఉద్యమం అంటాను. బయట మేస్త్రీ చేతిలో, కామందు చేతిలో మాటలు పడ్డ మగవాడు సారా తాగి ఇంటికొచ్చి ఎవరి మీద చెయ్యి చేసుకుంటాడు? తనకంటే కింద ఉందని తను అనుకునే ఒక్క మనిషి మీద. ఆ కూలి డబ్బులు సారా కొట్టుకి పోయి, దెబ్బలు ఇంటికొచ్చేవి. మద్య నిషేధం తర్వాత ఏమైందో, 1997లో ఎందుకు సడలించారో అది వేరే ఉపన్యాసం, దాని జోలికి పోను.

మరి ఏం చేయాలి అంటారు. నేను లాయర్ని, నాకు వచ్చింది రెండు చెప్తాను. షికాగోలో 2012 ఎండాకాలం సెలవుల్లో పేద పేటల బళ్ళలో చదివే 1,634 మంది పిల్లల్ని తీసుకుని, చీటీలు వేసినట్టుగా ఎంచి, కొందరికి ఎనిమిది వారాల పని ఇచ్చారు. కనీస వేతనం, ఒక పెద్దమనిషి తోడు. మిగతావాళ్ళకి ఇవ్వలేదు. సారా హెల్లర్ అనే ఆవిడ దీన్ని లెక్కకట్టింది. పదహారు నెలల్లో పని దొరికినవాళ్ళలో హింస కేసుల అరెస్టులు 43 శాతం తక్కువ. ఆ తగ్గుదల ఎక్కువగా పని అయిపోయాక కనపడింది. డబ్బు అయిపోయాక కూడా ఏదో మిగిలింది అన్నమాట. పొద్దున్నే లేచి ఒకచోటికి వెళ్ళాలి, అక్కడ మన పేరు పెట్టి పిలుస్తారు, అది చిన్న విషయం కాదు.

రెండోది మన బెయిలు. 2022 చివరికి దేశంలో జైళ్ళలో ఉన్నవాళ్ళలో 75.8 శాతం విచారణ ఖైదీలు, శిక్ష పడనివాళ్ళు. ఒకే గొడవలో ఏ1, ఏ2 లుగా, అంటే ఒకటో ముద్దాయి, రెండో ముద్దాయిగా, ఇద్దరుంటారు, ఒకడు నాలుగో రోజు బయటికి వచ్చి బుల్లెట్ మీద తిరుగుతుంటాడు, రెండోవాడు జామీను ఇచ్చేవాడు లేక లోపలే ఉంటాడు. 1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీ కేసులో సుప్రీంకోర్టు జడ్జి కృష్ణయ్యర్ గారు దీని మీదే తీర్పు ఇచ్చారు, పేదవాడి దగ్గర పదివేలకి జామీను అడుగుతారేంటి, వేరే జిల్లా జామీనుదారు వద్దంటారేంటని కింది కోర్టుని తప్పుబట్టారు. మీరు చదివిన తీర్పే. అయినా ఇవాళ ఏ మేజిస్ట్రేట్ కోర్టు ముందైనా నిలబడండి, జామీను కోసం పాస్‌బుక్ అడుక్కుంటూ తిరిగే ముసలి తల్లి కనపడుతుంది. ఆ లోపలున్నవాడు బయటికొచ్చేటప్పుడు చట్టం మీద ఏ గౌరవంతో వస్తాడు? రేపు వాడికి అన్యాయం జరిగితే స్టేషన్‌కి వస్తాడా, తానే చూసుకుంటాడా?

సరే, ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థి: సార్, అయితే పొడిచినవాణ్ణి వదిలేయాలా? కారణం ఉంది కాబట్టి?)

లేదు తమ్ముడూ. ఆ కుర్రాడికి యావజ్జీవం పడింది, పడాలి కూడా. చనిపోయినవాడి తల్లి కోర్టు వరండాలో కూర్చుంటే ఆవిడ ముఖం చూసి నేను పక్క మెట్ల మీదుగా పోయేవాణ్ణి. కారణం చెప్పడం వేరు, మాఫీ వేరు. నేను చెప్పేది ఆ తర్వాతి పెళ్ళి గురించి, ఆ తర్వాతి బంతి గురించి. శిక్ష ఈ కేసుని ముగిస్తుంది, రెండో కేసుని ఆపదు.

(ఒక విద్యార్థిని: తేడాలు పెరిగితే హింస పెరుగుతుందంటున్నారు. కానీ మన దేశంలో తేడాలు ఇంత పెరిగినా హత్యలు ఎందుకు అంతగా పెరగలేదు సార్?)

మంచి ప్రశ్న అమ్మా, దీనికి పూర్తి జవాబు ఇస్తాననేవాడు అబద్ధం చెప్తున్నట్టు. 2022-23లో దేశం మొత్తం ఆదాయంలో 22.6 శాతం పై ఒక్క శాతం మంది చేతికి పోయిందని పారిస్ వాళ్ళు, వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్, లెక్క తేల్చారు. ఆస్తిలో అయితే 40.1 శాతం. మరి హత్యలు లక్షకి రెండు దగ్గరే ఉన్నాయి, నిజమే. కుటుంబం పట్టి ఉంచుతుంది, కులం పట్టి ఉంచుతుంది, అంటే మంచిగానూ పట్టి ఉంచుతుంది, మెడ పట్టుకునీ ఉంచుతుంది, తుపాకులు లేవు, వలసపోయే దారి ఉంది. ఇవన్నీ ఉన్నాయి. కానీ మీరు ఒక పుస్తకమే చూస్తున్నారు. ఎన్‌సీఆర్‌బీ ఇంకో పుస్తకం వేస్తుంది, ప్రమాద మరణాలు, ఆత్మహత్యలు అని. అదే 2022లో హత్యలు ఇరవై ఎనిమిది వేలయితే ఆత్మహత్యలు 1,70,924. ఆరు రెట్లు. అందులో నాలుగో వంతుకి పైగా రోజు కూలీలు. 2015లో పొగాకు రేటు పడిపోయినప్పుడు ఈ జిల్లాలో రైతులు ఏం చేశారు? పొగాకు కాల్చే బ్యారన్‌కి కౌలు, బ్యాంకు లోను, వడ్డీ వ్యాపారి, వేలంలో బేళ్ళు వెనక్కి. వేలం ప్లాట్‌ఫాం దగ్గర ఒక్కడి మీద కూడా చెయ్యెత్తలేదు, ఇంటికెళ్ళి పురుగుమందు తాగారు. చీటీల డబ్బు ఎగ్గొట్టి, దివాలా తీశానని ఐపీ పెట్టి రాత్రికి రాత్రి ఊరు దాటినవాడి ఇంటి మీద ఎవరూ పడలేదు, చీటీ కట్టిన ఆడమనిషి దూలానికి చీర కట్టుకుంది. వాటికి ఏ1 లేడు, చార్జిషీట్ లేదు, నాలాంటి లాయర్ కూడా అక్కర్లేదు. హింస పెరగలేదని మీరు రాసుకునే ముందు ఆ రెండో పుస్తకం కూడా తెరిచి పక్కన పెట్టుకోండి అమ్మా, మీ లైబ్రరీలో లేకపోతే వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతుంది.